సినిమా అయ్యాక మొదలయ్యే పని: డాక్యుమెంటరీ సాయంత్రాల ప్రాజెక్టు డైరీ

జూన్: ఏం చూపించాలన్న పంచాయితీ

నెలకో డాక్యుమెంటరీ, వీలైతే నెలకో ప్రసంగం. విషయం జర్నలిజం, ప్రపంచ వ్యవహారాలు. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. కాగితం మీద ప్రాజెక్టు ఇంతే. లైబ్రరీ వాళ్లు మీటింగ్ హాలు ఇస్తామన్నారు. ప్రొజెక్టర్ ఉంది, కుర్చీలున్నాయి. పనిచేసే మనుషులం కొద్దిమందిమే: పత్రిక డెస్కులో ఏళ్ల తరబడి చేసి రిటైరైన ఒక పెద్దాయన (మా అందరికీ మాస్టారు), సౌండ్ సంగతి తెలిసిన ఒక కుర్రాడు, లైబ్రేరియన్ మేడమ్, ప్రచారం చూసుకునే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, రాతకోతలకు నేను.

మొదటి మీటింగే పంచాయితీ అయింది. ఒక్కొక్కరూ ఒక్కో లిస్టు తెచ్చారు. ఒకరు యుద్ధాలన్నారు, ఒకరు శరణార్థులన్నారు, ఇంకొకరు ఎన్నికలూ పర్యావరణమూ అన్నారు. అన్నీ మంచి సినిమాలే, అందుకే తెగలేదు. మాస్టారు అంతా విని, "ఈ సినిమాలు చూస్తే సంగతి తెలుస్తుంది, సరే. ఆ సంగతి వాళ్లకెలా తెలిసిందో కనపడుతుందా?" అన్నారు.

ఆ ప్రశ్నతో జల్లెడ పడితే లిస్టు సగానికి సగం రాలిపోయింది. బ్రహ్మాండంగా తీసిన యుద్ధం సినిమాలు కొన్ని పక్కకు పోయాయి. ఒక స్పోర్ట్స్ పత్రిక చుట్టూ నడిచే సినిమా పైకొచ్చింది. పేరున్న సినిమా అయితేనే జనం వస్తారన్న వాదన మాత్రం చివరిదాకా నడిచింది. అందులో తప్పేం లేదు. కానీ జనం రావడమొక్కటే లెక్కైతే ఏదో పాత హిట్ సినిమా వేస్తే చాలు, ఇంత తతంగం అక్కర్లేదు.

జూన్ చివర: పర్మిషన్లు

ఇలాంటి ప్రాజెక్టు పెట్టుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇది. డిస్కు కొన్నా, ఓటీటీకి డబ్బు కట్టినా అది ఇంట్లో చూసుకోవడానికే. హాల్లో నలుగురికీ చూపించాలంటే ప్రదర్శన హక్కు విడిగా తీసుకోవాలి. టికెట్ పెట్టకపోయినా అంతే. "ఫ్రీగానే కదా చూపిస్తున్నాం" అన్న మాట చెల్లదు.

ఎవర్ని అడగాలన్నది ఇంకో చిక్కు. దర్శకుడికి రాస్తే నిర్మాణ సంస్థకు పంపుతారు, వాళ్లు సేల్స్ ఏజెంటుకు పంపుతారు, ఏజెంటేమో మీ ప్రాంతం హక్కులు ఇంకొకరి దగ్గరున్నాయంటాడు. కొన్ని సినిమాలకు విద్యాసంస్థల కోసమే వేరే పంపిణీదారులు ఉంటారు, లైబ్రరీ పేరుతో రాస్తే వాళ్లే త్వరగా పలుకుతారు. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నిటికి, విద్యాపరంగా ఒక్కసారి చూపించుకోవడానికి అనుమతి ఇస్తుంది. ప్రవేశ రుసుము ఉండకూడదు, విరాళాలు అడగకూడదు. ఏ సినిమాకు ఆ వెసులుబాటు ఉందో వాళ్ల పేజీలోనే రాసి ఉంటుంది.

ఉత్తరంలో ఏం రాయాలో నాలుగైదు పోయాక తేలింది. తేదీ, హాల్లో ఎన్ని సీట్లు, ప్రవేశం ఉచితమా కాదా, నిర్వహించేది ఎవరు, ఫైలు ఏ ఫార్మాట్‌లో కావాలి, సబ్‌టైటిళ్లు మేం వేసుకోవచ్చా. ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే ఉంటే రెండు వారాల ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి. చివరిది మరీ ముఖ్యం. తెలుగు సబ్‌టైటిళ్లు వేయడం అనువాదం కిందికే వస్తుంది, దానికి విడిగా ఒప్పుకోవాలి. ఒక సంస్థ ప్రదర్శనకు సరేనంది, తెలుగు సబ్‌టైటిళ్లు మాత్రం మేం చేసి పంపితే వాళ్లు చూశాకే వాడాలంది. న్యాయమే. కానీ తెలుగు చదవగలిగేవాళ్లు అక్కడ ఎవరున్నారన్నది మాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒప్పుకున్నట్టు ఉత్తరమైతే వచ్చింది.

జులై: మాటలు మాయమైన రిహార్సల్

స్క్రీనింగ్‌కు వారం ముందు ఖాళీ హాల్లో ఫైలు నడిపి చూశాం. బొమ్మ బాగుంది. సంగీతం వస్తోంది, వీధిలో కార్ల చప్పుడు వస్తోంది, తలుపు మూసిన శబ్దం కూడా వస్తోంది. మనుషుల పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం ఎక్కడో బావిలోంచి వినిపించినట్టుంది. మేడమ్ ఫైలు పాడైందేమో అన్నారు. స్పీకర్లు మార్చాలేమో అని నేను.

కుర్రాడు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని ఆడియో సెట్టింగ్ తెరిచి, "ఫైలు బాగానే ఉందండీ, ఇది ఐదు పాయింట్ ఒకటి. మనకున్నవి రెండే స్పీకర్లు" అన్నాడు. విషయం ఏమిటంటే, సినిమా సౌండ్‌ని 5.1లో, అంటే ఆరు చానెళ్లలో, చేసినప్పుడు మాటలన్నీ దాదాపుగా మధ్య చానెల్లో పెడతారు. థియేటర్‌లో తెర వెనక మధ్య స్పీకర్ ఉంటుంది, మాట అక్కడి నుంచి వస్తుంది. మన హాల్లో ఎడమ, కుడి మాత్రమే ఉన్నాయి. ప్లేయర్ ఆరు చానెళ్లనూ కలిపి రెండింటికి కుదించాలి. అలా కాకుండా ముందున్న రెండిటినీ పంపి మిగతావి వదిలేస్తే, సంగీతమూ చప్పుళ్లూ మిగులుతాయి, మాట పోతుంది. మనకు వినపడుతున్న ఆ కాస్త మాటా, మిగతా చానెళ్లలో కొంచెం కలిసి ఉన్నదే. ప్లేయర్‌లో స్టీరియోకు కుదించే ఆప్షన్ పెట్టగానే గొంతులు తెరమీదికి వచ్చాయి.

ఆ తర్వాత హాలు సంగతి. ఖాళీ హాల్లో మాట గోడలకు కొట్టుకుని గింగురుమంటుంది, మనుషులు కూర్చుంటే తగ్గుతుంది. కాబట్టి ఖాళీ హాల్లో సరిపోయిన వాల్యూమ్ నిండిన హాల్లో చాలదు. డాక్యుమెంటరీల్లో ఇది ఇంకా ఇబ్బంది. ఫోన్ రికార్డింగులు, దాచిన కెమెరాలు, గాలిలో తీసిన ఇంటర్వ్యూలు, అన్నీ ఎగుడుదిగుడు సౌండే. అతను ఆఖరి వరుసలో కూర్చుని ఒక పేజీ చదివించి విన్నాడు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు అని అతని సిద్ధాంతం. నేను ఒప్పుకుంటాను.

మిగతావి చిన్నవి: ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగు, నోటిఫికేషన్లు ఆపడం, రెండో ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు.

జులై ఆఖరు: మొదటి స్క్రీనింగ్

'కలెక్టివ్'. రుమేనియా సినిమా, దర్శకుడు అలెగ్జాండర్ నానావ్, 2019. 2015 అక్టోబర్ 30న బుకారెస్ట్‌లో కొలెక్టివ్ అనే నైట్ క్లబ్బులో మంటలు లేచాయి. అక్కడికక్కడే 27 మంది పోయారు. ఆ తర్వాత ఆసుపత్రుల్లో మరో 37 మంది చనిపోయారు. ఆ రెండో అంకె దగ్గరే సినిమా మొదలవుతుంది. ఆసుపత్రికి చేరినవాళ్లు అంతమంది ఎందుకు చనిపోయారు?

తవ్వింది 'గజెటా స్పోర్టూరిలోర్' అనే స్పోర్ట్స్ దినపత్రిక. ఆసుపత్రులకు సరఫరా అయ్యే క్రిమిసంహారకాలను తయారీ కంపెనీయే నీళ్లు కలిపి పలచన చేసి అమ్ముతోందని వాళ్లు బయటపెట్టారు. ప్రభుత్వం తన పరీక్షల్లో చాలామటుకు బాగానే తేలాయంది. పత్రిక వదల్లేదు. ఆరోగ్య మంత్రి రాజీనామా చేశారు. సినిమా రెండో సగం కొత్తగా వచ్చిన మంత్రి ఆఫీసులో నడుస్తుంది.

ఈ సినిమాలో వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు. కెమెరా న్యూస్‌రూమ్‌లో ఓ మూల నిలబడి చూస్తుంటుంది, అంతే. "ఇది మనకెవరు చెప్పారు? రెండో మనిషి ఎవరు? కాగితం ఉందా?" అని వాళ్లు ఒకరినొకరు అడగడం వింటాం. మాస్టారు నా పక్కనే కూర్చున్నారు. ఎడిటర్ టేబుల్ దగ్గర నిలబడి కథనాన్ని ఎంతవరకు రాయగలమని లెక్కలేస్తుంటే, "అదీ" అని గొణిగారు.

సినిమా అవగానే ఒకాయన లేచి, "ఆటల పత్రికకు ఆసుపత్రుల గొడవ ఎందుకండీ?" అన్నారు. నాకు నచ్చిన ప్రశ్న ఇదే. మాస్టారు చెప్పిన జవాబు: రోజూ ఆరోగ్య శాఖ చుట్టూ తిరిగే విలేకరికి రేపు కూడా అదే అధికారితో పని. బయటివాడికి ఆ మొహమాటం లేదు. పైగా ఆ పత్రిక కొత్తగా తవ్వడం నేర్చుకున్నది కాదు. దాని అప్పటి ఎడిటర్ కాటలిన్ టోలోంటాన్ రాసిన కథనాల వల్లే 2009లో ఆ దేశపు క్రీడల మంత్రి దిగిపోవాల్సి వచ్చింది. ఆటల్లో టెండర్లూ కాంట్రాక్టులూ చదవడం వచ్చినవాడికి ఆసుపత్రి కాంట్రాక్టు చదవడం కొత్తేమీ కాదు.

ఆ చర్చ మాత్రం మధ్యలో గాడి తప్పింది. ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకుని ప్రశ్న అడగకుండా ప్రసంగం మొదలెట్టారు. పది నిమిషాల తర్వాత ఆయనది ఇంకా ఉపోద్ఘాతమే. వెనక వరుసలు ఖాళీ అయ్యాయి.

ఆగస్టు: మైకు చేతికివ్వని పద్ధతి

చర్చ నడపడం సినిమా తేవడం కంటే కష్టమని ఆ రోజే అందరికీ అర్థమైంది. ఒక వారమంతా దీనిమీదే కూర్చున్నాం.

మొదటిది, చీటీలు. సినిమా అవగానే కొద్దిసేపు విరామం. ఆ విరామంలో ప్రతి కుర్చీ మీద పెట్టిన చీటీలో ప్రశ్న రాసి ఇవ్వాలి. మాస్టారూ మేడమూ వాటిని గబగబా చూసి, ఒకేలాంటివి ఒకచోట పెట్టి, వరుస కడతారు. దీనివల్ల అనుకోని లాభం ఒకటుంది. అప్పుడే చూసిన దృశ్యాల బరువు కాస్త దిగుతుంది. యుద్ధం సినిమా అయిన మరునిమిషంలో మైకు తిప్పితే వచ్చేది ఆవేశమే.

రెండోది, మొదటి ప్రశ్న ఎవరిదన్నది. మా కాలేజీ అమ్మాయిల్లో ఒకామె ఒక అధ్యయనం తెచ్చింది. 10 దేశాల్లో 35 విద్యాసంస్థల్లో జరిగిన దాదాపు 250 సెమినార్లను గమనించి 2018లో అచ్చు వేశారు. హాల్లో ఆడవాళ్లు ఉన్న నిష్పత్తికి వాళ్లడిగే ప్రశ్నలు బాగా తక్కువ, మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగితే ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు ఇంకా తగ్గుతాయని తేలింది. "మాస్టారూ, మన హాల్లో కూడా అంతే, చూడలేదా?" అంది. "చూశానమ్మా, అందుకే చీటీలు" అన్నారాయన. అయినా ఆ అమ్మాయి పట్టుబట్టి, మొదటి చీటీ ఆడవాళ్లదో పిల్లలదో అయ్యేలా చూడాలని రూలు పెట్టించింది. తరువాతి స్క్రీనింగ్‌లో పేరున్న చీటీలు తిరగేస్తే సగం పైగా ఆడవాళ్లవే.

మూడో సంగతి మాస్టారి పట్టుదల. ప్రతి చర్చా ఒకే ప్రశ్నతో మొదలవ్వాలి: "ఇందులో మీరు నమ్మని చోటు ఏది?" బాగుందా బాగాలేదా అని అడిగితే జనం పొగుడుతారు, ఇళ్లకెళ్తారు. నమ్మని చోటు అడిగితే సినిమాను మళ్లీ మనసులో వెనక్కి తిప్పి చూసుకుంటారు.

సెప్టెంబర్: కొండ గీతా, మనిషి నీడా

సినిమా కాదు, వర్క్‌షాప్. బీబీసీ ఆఫ్రికా ఐ 2018లో చేసిన ఒక చిన్న పరిశోధనాత్మక వీడియో ఆధారంగా. ఇంతవరకు చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

2018 జులైలో సోషల్ మీడియాలో ఒక వీడియో తిరిగింది. సైనికులు ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పిల్లలను నడిపించుకుపోయి కాల్చి చంపడం అందులో ఉంది. కామెరూన్ సైన్యమేనని కొందరన్నారు. ఆ ప్రభుత్వం మొదట ఫేక్ న్యూస్ అని కొట్టిపారేసింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు: వీడియోలో ఏదీ రాసి లేదు.

ఎక్కడన్నదానికి జవాబు కొండలిచ్చాయి. వీడియో మొదట్లో దూరంగా ఒక కొండల వరుస కనపడుతుంది. ఆ పైగీతను ఉపగ్రహ చిత్రాలతో తయారైన భూతల నమూనాతో పోల్చి, కామెరూన్ ఉత్తర కొసన జెలెవెట్ అనే ఊరి దగ్గరని పట్టారు. మేం దీన్నే చేతులతో చేయించాం. హింస లేని ఒక ఫ్రేమును ప్రింటు తీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి కొండ గీత గీయమన్నాం. తరువాత నాలుగు వేర్వేరు చోట్ల నుంచి తీసుకున్న భూతల చిత్రాల ప్రింట్లు ఇచ్చాం, వాటిలో ఒక్కటే అసలు చోటు. కిటికీ అద్దం మీద ఒకదానిమీద ఒకటి ఆనించి జరుపుతూ చూశారు. పిల్లలు త్వరగా పట్టారు. పెద్దవాళ్లు పెద్ద శిఖరం కోసం వెతికారు, పిల్లలు రెండు శిఖరాల నడుమ పల్లం ఆకారం చూశారు. నిజానికి అలాంటి పల్లాలే గుర్తులు.

ఎప్పుడన్నది ఇంకా బాగుంటుంది. మధ్యాహ్నం ఎండలో అందరినీ బయటికి తీసుకెళ్లి ఒక కర్ర నిలబెట్టాం. కర్ర పొడవు, నీడ పొడవు కొలిస్తే సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో లెక్క కట్టొచ్చు. రెండూ సమానమైతే 45 డిగ్రీలు. చోటు తెలిసి, నీడ ఏ దిక్కుకు ఎంత పొడవుందో తెలిస్తే సంవత్సరంలో ఏ రోజుల్లోనో చెప్పొచ్చు. బీబీసీ వాళ్లు వీడియోలో నడిచే సైనికుల నీడలతో ఇదే పని చేశారు.

అక్కడ ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు, "సూర్యుడు అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తాడు కదండీ, అదే ఎత్తు ఏడాదిలో రెండుసార్లు రాదా?" అన్నాడు. వస్తుంది. నీడ ఒక్కటే రెండు తేదీలిస్తుంది, ఏ సంవత్సరమో అసలే చెప్పదు. అందుకే వాళ్లు నీడతో ఆగలేదు. వీడియోలో కనిపించే కట్టడాలు ఏ ఉపగ్రహ చిత్రంలో ఉన్నాయి, ఏ చిత్రంలో లేవు అని చూసి 2014 నవంబర్‌కూ 2016 ఫిబ్రవరికీ మధ్య అని సంవత్సరాలను బిగించారు. ఆ కాలిబాట వేడిగా, పొడిగా ఉండే నెలల్లోనే కనపడుతుందని రుతువును బిగించారు. అప్పుడు నీడ పనికొచ్చింది: 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య. ప్రభుత్వం ఏడుగురు సైనికులను అరెస్టు చేసింది. 2020లో నలుగురికి పదేళ్ల చొప్పున శిక్ష పడింది.

ఆ పిల్లాడికి మాస్టారు తన పెన్ను ఇచ్చేశారు. ఆయన చాలా ఏళ్లుగా జేబులో పెట్టుకు తిరుగుతున్న పెన్ను అది.

అక్టోబర్: సబ్‌టైటిళ్ల గొడవ, ఒక ప్రసంగం

సబ్‌టైటిళ్లు ఒక్కొక్కటీ రెండు లైన్లు మించకూడదు, తెర మీద కనీసం ఒక సెకను, గరిష్ఠంగా ఏడు సెకన్లు. ఇది చాలామంది పాటించే లెక్క. తెలుగులో పెట్టేసరికి క్రియ చివరికి పోతుంది కాబట్టి, పొడుగు వాక్యమైతే అసలు సంగతి తర్వాతి సబ్‌టైటిల్‌లోకి జారుతుంది. తెర మీద మనిషి కళ్లనీళ్లు పెట్టుకునేసరికి మనం ఇంకా "ఆసుపత్రి నుంచి మా అన్నయ్యను" దగ్గరే ఉంటాం. మందు ఒకటే, వాక్యాన్ని విరగ్గొట్టి రెండు చిన్న వాక్యాలు చేయడం. అనువాదం ఎంత బాగుందన్నది తర్వాత, ముందు చదవడానికి అందాలి. ఒక ల్యాప్‌టాప్‌లో వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. ఫైలు యూటీఎఫ్-8లోనే (తెలుగు లాంటి లిపులన్నీ నిలిచే ఎన్‌కోడింగ్) ఉంది, దోషం ప్లేయర్‌ది. వేరే ప్లేయర్ పెడితే కుదురుకుంది.

ప్రసంగం విదేశీ వార్తలు మన దాకా ఎలా వస్తాయన్నదాని మీద. మాస్టారే చెప్పారు. స్లైడ్లు వద్దన్నారు. ఆ రోజు వచ్చిన పత్రికలు తెచ్చి, విదేశీ వార్తల పేజీలు కత్తిరించి అందరికీ పంచి, ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో గీసి, ఆ సంగతి ఎవరు చెప్పారో పక్కన రాయమన్నారు. "విలేకరి చూశాడు", "అధికారి చెప్పాడు", "ఇంకో వార్తాసంస్థ రాసింది", "ఎవరో తెలీదు". అరగంటలో హాలంతా గీతలే. చాలా వార్తల చివరా మొదటా అవే రెండు మూడు పేర్లు: అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్, ఏఎఫ్‌పీ. మొదటిది 1846లో, రెండోది 1851లో పుట్టినవి. మూడోదానికి ఆ పేరు 1944లో వచ్చినా, వేళ్లు 1835 నాటి హవాస్ ఏజెన్సీలో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో హవాస్, రాయిటర్స్, జర్మనీకి చెందిన వోల్ఫ్ ఏజెన్సీ ఒప్పందం రాసుకుని ప్రపంచాన్నే వార్తల కోసం పంచుకున్నాయని చెప్పేసరికి హాల్లో గుసగుసలు.

మూడో ప్రపంచ దేశాలు ఈ ఏకపక్షం మీద 1970లలో గట్టిగా మాట్లాడటం, యునెస్కో వేసిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లో నివేదిక ఇవ్వడం కూడా చెప్పారు. నా మటుకు నాకు ఆ భాగం కాస్త సాగినట్టనిపించింది. పెన్సిల్ గీతలే జనం ఇంటికి పట్టుకెళ్లారు.

నవంబర్: మారియుపోల్

ఇది చూపించాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డాం. '20 డేస్ ఇన్ మారియుపోల్', దర్శకుడు మిస్తిస్లావ్ చెర్నోవ్, 2023. రష్యా దాడి మొదలయ్యే ముందు ఒక గంట తేడాతో చెర్నోవ్ ఉన్న అసోసియేటెడ్ ప్రెస్ టీమ్ ఉక్రెయిన్‌లోని ఆ ఊరు చేరింది. 2022 మార్చి 15న బయటపడేదాకా తీసిన దృశ్యాలే సినిమా. పసిపిల్లల మరణాలున్నాయి. పోస్టర్ మీదే ఆ మాట రాశాం. మొదట్లో ఒకసారి చెప్పాం. బయటికి వెళ్లాలనుకునేవాళ్లకు వెనక తలుపు తీసి ఉంచి, అక్కడ మేడమ్ కూర్చున్నారు. కొందరు వెళ్లారు, కొంతసేపటికి కొందరు తిరిగొచ్చారు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఈ సినిమా మా జల్లెడలో నిలవడానికి కారణం ఒక్కటే. తీసిన దృశ్యం బయటి ప్రపంచానికి ఎలా చేరిందో చూపిస్తుంది. కరెంటు లేదు, నెట్ లేదు, సిగ్నల్ దొరికే ఒక్క చోటు వెతుక్కుంటూ బాంబుల మధ్య తిరగాలి. పంపినదాన్ని ముక్కలుగా పంపాలి. మనం ఒక దృశ్యాన్ని వాళ్ల కెమెరాలో పూర్తిగా చూస్తాం, వెంటనే అదే దృశ్యం దేశదేశాల టీవీల్లో కొన్ని సెకన్ల ముక్కగా వస్తుంది. చర్చలో చీటీలన్నీ ఆ రెంటి మధ్య తేడా చుట్టూనే తిరిగాయి.

మార్చి 9న ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడింది. అక్కడి గర్భిణుల ఫొటోలు బయటికి రాగానే, వాళ్లు నటులని రష్యా అధికారులు అన్నారు. విలేకరులు వాదించలేదు. ఆ స్త్రీలను తరలించిన ఇంకో ఆసుపత్రి వెతుక్కుంటూ వెళ్లారు. ఒకామెకు ఆడపిల్ల పుట్టింది. స్ట్రెచర్ మీద కనిపించిన ఇంకొకామె, ఆమె బిడ్డ చనిపోయారు. ఖండనకు ఇంతకంటే జవాబు ఏముంటుంది, మళ్లీ వెళ్లి చూడటమే. ఆ రోజు "మీరు నమ్మని చోటు ఏది" అని మాస్టారు అడగలేదు. "వాళ్ల స్థానంలో మీరుంటే కెమెరా ఎప్పుడు దించేవాళ్లు?" అని అడిగారు. ఒక నర్సు చీటీ రాసింది: "డాక్టరే తీయమని అరుస్తున్నాడు కదా, దించను." సినిమాలో నిజంగానే ఒక డాక్టర్, తీయండి, చూపించండి అని కేకలేస్తాడు.

2024లో ఆస్కార్ అందుకుంటూ చెర్నోవ్, ఈ సినిమా తీసే అవసరమే రాకుండా ఉంటే బాగుండేదన్న అర్థంలో మాట్లాడాడు. అది చదివి కార్యక్రమం ముగిద్దామని నేనన్నాను. మాస్టారు వద్దన్నారు, జనాన్ని ఏడిపించి పంపడం మన పని కాదన్నారు. లైట్లు వేసి, వచ్చే నెల తేదీ చెప్పి పంపించాం.

డిసెంబర్: సినిమాలో ఉన్నవాళ్లే కాదంటే?

'రైటింగ్ విత్ ఫైర్'. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసింది, 2021. బుందేల్‌ఖండ్‌లో 2002లో మొదలై, ఎక్కువగా దళిత మహిళలు నడుపుతున్న 'ఖబర్ లహరియా' పత్రిక అచ్చు నుంచి మొబైల్ వీడియోలోకి మారే రోజులవి. ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి భారతీయ ఫీచర్ డాక్యుమెంటరీ. హాలు నిండిపోయింది, నిలబడి చూశారు. మీరా అనే విలేకరి, స్మార్ట్‌ఫోన్ ఎప్పుడూ పట్టుకోని సహోద్యోగికి అక్షరం అక్షరం చూపిస్తూ నేర్పే దృశ్యానికి చప్పట్లు పడ్డాయి.

చప్పట్ల తర్వాత ఒక కాగితం చదివాం. 2022 మార్చిలో ఆస్కార్లకు ముందు, ఖబర్ లహరియా వాళ్లే ఒక ప్రకటన ఇచ్చారు. సినిమా బలంగా ఉందంటూనే, తమను ఒకే పార్టీ మీద దృష్టి పెట్టిన సంస్థగా చూపించడం సరికాదన్నారు. హాలు ఒక్కసారిగా రెండుగా చీలింది. దర్శకులకు ఎంచుకునే హక్కు ఉందని కొందరు, బతుకులు వాళ్లవి కాబట్టి చివరి మాట వాళ్లదేనని కొందరు. ఇన్నాళ్లూ విలేకరికి ఎలా తెలిసిందని అడిగిన జనం, ఆ రోజు డాక్యుమెంటరీకి ఎలా తెలిసిందని అడిగారు. ఆలస్యమైంది, వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

ఆ చర్చ చూశాకే తరువాతి సినిమా ఖాయమైంది. 'బర్మా వీజే' (వీజే అంటే వీడియో జర్నలిస్టు), 2008. 2007లో మయన్మార్ భిక్షువుల నిరసనలను చిన్న కెమెరాలతో రహస్యంగా తీసి, దేశం దాటించి, ఓస్లో నుంచి ఉపగ్రహం ద్వారా మళ్లీ ఆ దేశంలోకే ప్రసారం చేసిన విలేకరుల కథ. అందులో కొన్ని దృశ్యాలు తర్వాత నటింపజేసి తీసినవి. ఆ సంగతి సినిమా మొదట్లోనే చెబుతుంది. చెప్పేస్తే సరిపోతుందా అన్నది ఇప్పటికే మా వాళ్లలో వాదులాట.

ఇప్పుడు ఎక్కడున్నాం

'బర్మా వీజే' పర్మిషన్ ఉత్తరానికి జవాబు రావాలి. తెలుగు సబ్‌టైటిళ్లు మూడొంతులు అయ్యాయి.

విదేశీ విలేకరులకు దారి చూపించి, భాష చెప్పి, మనుషులను కలిపే స్థానికుల మీద ఒక ప్రసంగం కుదిరింది. ఫిక్సర్లంటారు వాళ్లని. వార్త పైన రాసినవాళ్ల పేర్లు వేసే బైలైన్లో వాళ్ల పేరు ఉండదు, ప్రమాదం మాత్రం వాళ్లకే ఎక్కువ, ఎందుకంటే విలేకరి విమానమెక్కాక కూడా వాళ్లు అక్కడే ఉంటారు. మాట్లాడటానికి ఒప్పుకున్న మనిషి ఒక షరతు పెట్టారు: రెండో భాగానికి చాతమ్ హౌస్ రూలు. విన్నది బయట చెప్పుకోవచ్చు, ఎవరు చెప్పారో, ఏ సంస్థవారో చెప్పకూడదు. 1927 నుంచి ఉన్న పద్ధతి. కానీ ఎవరైనా రావచ్చని పోస్టర్ వేసే మేం ఆ మాట ఎలా నిలబెడతాం? చివరికి సాయంత్రాన్ని రెండు ముక్కలు చేశాం. మొదటి గంట అందరికీ, రికార్డింగుతో. రెండోది పేరు రాసుకుని షరతుకు ఒప్పుకున్నవాళ్లకు, కెమెరా మూసేసి, ఫోన్లు బ్యాగుల్లో పెట్టించి. మాస్టారికి ఇది అంతగా నచ్చలేదు. పేరు చెప్పని మూలాన్ని వాడే ముందు పదిసార్లు ఆలోచించమని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన. మొదటి చీటీ తానే రాస్తానన్నారు: ఈ రూలు లేకపోతే మీరు ఏం చెప్పరు?

ప్రసంగించే మనిషి అవతలి దేశం నుంచి వీడియోలో వస్తారు. హాలు మైకు, స్పీకర్లు, వీడియో కాల్ మూడూ కలిస్తే ప్రతిధ్వని తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి ఆయనకు ఇయర్‌ఫోన్ పెట్టుకోమని రాశాం. శనివారం లైన్ టెస్టు.